ఎవరికి మంచి ఫండ్?

కెనడాలో మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ముందు వంద ప్రశ్నల పరీక్ష గట్టెక్కాలి. బ్యాంకు కొలువులో ఒక మెట్టు పైకెక్కుదామని అక్కడి తెలుగువాళ్లూ ఆ పుస్తకం పట్టుకుంటున్నారు. లెక్కలంటే మనవాళ్లకు భయం లేదు. తడబడేది ఇంకోచోట.

ఓ అమ్మాయికి 34 ఏళ్లు. నిలకడైన ఉద్యోగం, మంచి జీతం, అప్పుల్లేవు. మార్కెట్ పడిందని నిద్ర చెడగొట్టుకునే మనిషి కాదు. 40,000 డాలర్లు కూడబెట్టింది. ఏడాదిన్నరలో ఇల్లు కొనాలనుకుంటోంది, ఈ డబ్బు డౌన్‌పేమెంట్‌కే. ఆమెకు ఏ ఫండ్ తగినది? కెనడా ఈక్విటీ ఫండా, గ్లోబల్ ఈక్విటీ ఫండా, బ్యాలెన్స్‌డ్ ఫండా, మనీ మార్కెట్ ఫండా?

లైసెన్సు పరీక్షలో ప్రశ్నల తీరు ఎలా ఉంటుందో చూపడానికి నేను అల్లిన ప్రశ్న ఇది. వయసు చూస్తే ఈక్విటీ అనిపిస్తుంది. జీతం చూసినా, ధైర్యం చూసినా అదే అనిపిస్తుంది. కానీ ఆఖరి ముక్క వాటన్నిటినీ కొట్టేస్తుంది. పద్దెనిమిది నెలల్లో అవసరమయ్యే డబ్బును షేర్లలో పెట్టమన్నవాళ్లకు మార్కు పడదు. జవాబు మనీ మార్కెట్ ఫండ్. పదిమందిలో చెప్పుకోదగ్గ రాబడి అందులో ఏమీ ఉండదు, అయినా అదే జవాబు.

ఈ పరీక్షలో తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది సూత్రాల దగ్గర కాదు, ఇలాంటి చోట్లే. "ఇప్పుడు ఏ ఫండ్ బాగుంది?" అని అడగడం మనకు అలవాటు. చుట్టాల పెళ్లిలో అడుగుతాం, ఆఫీసు క్యాంటీన్‌లో అడుగుతాం. ఆ ప్రశ్నకు ఈ పరీక్షలో అసలు చోటు లేదు. ఫండ్ గురించి ఎంత తెలిసినా, కొనే మనిషి గురించి తెలియకపోతే జవాబు లేదన్నది అక్కడి పాఠం.

వంద ప్రశ్నలు, మూడు గంటలు

కెనడాలో మ్యూచువల్ ఫండ్ డీలర్ తరఫున ఫండ్లు అమ్మే ఉద్యోగిని డీలింగ్ రిప్రజెంటేటివ్ అంటారు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మూడు పరీక్షల్లో ఏదో ఒకటి పాసైతే చాలు. మొదటిది ఐఎఫ్‌ఎస్‌ఈ సంస్థ నడిపే కెనడియన్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్స్ కోర్స్, అందరూ సీఐఎఫ్‌సీ అంటారు. రెండోది సీఎస్‌ఐ వారి ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్స్ ఇన్ కెనడా, అంటే ఐఎఫ్‌సీ. మూడోది వీటికంటే బరువైన కెనడియన్ సెక్యూరిటీస్ కోర్స్. మొదటి రెండిట్లోనూ తీరు ఒకటే. వంద బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు గంటలు, పాస్ మార్కు 60. ఫీజు కట్టి నమోదైన ఏడాదిలోపు రాసేయాలి. డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు.

మన దగ్గర ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు రాసే ఎన్‌ఐఎస్‌ఎం ఐదో సిరీస్ పరీక్షలోనూ వంద ప్రశ్నలే. కాకపోతే సమయం రెండు గంటలు, 50 మార్కులకే పాస్. హైదరాబాద్‌లో ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని, బ్యాంకులో నాలుగేళ్లు పనిచేసి, టొరంటో వెళ్లి మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టేవాళ్లున్నారు. వాళ్లకు ఇది కాస్త చిన్నతనంగా తోస్తుంది. ఎన్‌ఏవీ అంటే ఏమిటో, డెట్ ఫండ్ ఏమిటో మళ్లీ చదవాలా అనుకుంటారు. అక్కడే తొందరపడతారు. ఎన్‌ఏవీ లెక్క ఎక్కడైనా ఒకటే గానీ, దాని చుట్టూ ఉన్న పన్ను, ఖాతా, చట్టం అన్నీ వేరు.

బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఈ పుస్తకం పట్టుకునే తెలుగువాళ్లలో చాలామంది రెండు రకాలు. కాలేజీలో ఫైనాన్స్ సర్టిఫికెట్ చేసి బ్యాంకు శాఖలో టెల్లర్‌గా చేరిన కుర్రకారు ఒకరు. భర్త ఉద్యోగం వల్ల వెళ్లి, పిల్లలు బడికి పోయాక మళ్లీ కొలువు వెతుక్కుంటున్న బీకాం, ఎంబీఏ గృహిణులు మరొకరు. టెల్లర్ కౌంటర్ నుంచి లోపలి గదిలో అడ్వైజర్ కుర్చీకి వెళ్లాలంటే మధ్యలో ఉన్న గడప ఈ లైసెన్సే.

షాద్‌నగర్ ప్లాటు ఏ గడిలో రాయాలి?

పరీక్షలో బరువైన భాగం క్లయింటును తెలుసుకోవడం. అక్కడి వాడుకలో కేవైసీ. మన దగ్గర కేవైసీ అంటే ఆధార్, పాన్, ఒక ఫొటో. అక్కడ ఆ మాట కింద మనిషి ఆర్థిక జాతకం మొత్తం రాయాలి. ఆదాయం, ఆస్తి, అప్పు, ఇంట్లో ఆధారపడ్డవాళ్లు, డబ్బు ఎందుకు, ఎప్పటికి, పెట్టుబడుల గురించి తెలిసినదెంత, నష్టం వస్తే ఎంత తట్టుకుంటారు. ఈ చివరిదాన్ని రెండుగా చూడాలి. నష్టాన్ని భరించే మనసు ఉందా? భరించే స్తోమత ఉందా? రెండూ ఒకలా లేకపోతే తక్కువగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మొదట చెప్పిన అమ్మాయికి మనసు నిండా ధైర్యముంది. ఏడాదిన్నర గడువే ఆమె స్తోమతను కుదించేసింది.

ఇప్పుడు బ్రాంప్టన్‌లోని ఓ తెలుగు కుటుంబాన్ని ఈ ఫారం ముందు కూర్చోబెట్టి చూడండి. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలు. షాద్‌నగర్ దగ్గర రెండు ప్లాట్లు, ఊళ్లో నాన్న ఇచ్చిన ఎకరం, లాకర్‌లో బంగారం. కాగితం మీద నికర ఆస్తి ఘనంగా కనిపిస్తుంది. కెనడా బ్యాంకు ఖాతాలో మాత్రం రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బే. ఇంటి కప్పు కారితే, ఒకరి ఉద్యోగం పోతే, షాద్‌నగర్ ప్లాటు వారంలో అమ్ముడుపోతుందా? పోదు. అందుకే ఆ ఫారంలో వెంటనే సొమ్ము చేసుకోగల ఆస్తి వేరు, స్థిరాస్తి వేరు. మొత్తం ఒక్కటే చూసి ఈక్విటీ ఫండ్ సూచిస్తే పరీక్షలోనూ తప్పే, ఉద్యోగంలోనూ తప్పే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కెనడా నివాసి సొంత వాడకానికి కాని విదేశీ ఆస్తి కొన్న ధర మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే, ఏటా టీ1135 ఫారంలో పన్ను శాఖకు చెప్పాలి. పెట్టుబడి కోసం కొన్న ప్లాటు దాని కిందికే వస్తుంది. ఇది మనవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, తెలియకపోతే జరిమానా తప్పదు.

నమ్మకం అడ్డొచ్చే చోటు

నీతి నియమాల పాఠం సులువని చాలామంది చివరికి వదిలేస్తారు. అబద్ధమాడకూడదు, దొంగతనం చేయకూడదు, ఇంతేగా అనుకుంటారు. అందులో మనవాళ్లకే ప్రత్యేకంగా కాళ్లకు అడ్డం పడే రాళ్లు కొన్నున్నాయి.

మన దగ్గర ఏజెంటుకు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడం మామూలే. "మళ్లీ మళ్లీ రావడం ఎందుకు బాబూ, నాలుగు ఫారాలు తీసుకో" అంటారు పెద్దవాళ్లు. కెనడాలో ఫండ్ ప్రతినిధులపై వచ్చే క్రమశిక్షణ కేసుల్లో తరచూ కనిపించే తప్పు ఇదే. క్లయింటు మంచికే చేశానన్నా, పైసా నష్టం జరగలేదన్నా వినరు. జరిమానా పడుతుంది, పేరు బయటికొస్తుంది.

ఇంకొకటి. "అన్నయ్యా, నాకివన్నీ తెలియవు, మీకు తోచినట్టు చేసేయండి." మన సంబంధాల్లో ఇంతకంటే గౌరవమైన మాట ఉండదు. ఫండ్ ప్రతినిధికి మాత్రం ఇది అందుకోకూడని ఆర్డరు. ఏ ఫండ్, ఎంత, ఎప్పుడు అన్నది క్లయింటు చెప్పాలి. ఆ నిర్ణయం ప్రతినిధి సొంతంగా తీసుకునే అధికారం ఈ లైసెన్సులో లేదు. సెలవు మీద ఇండియా వెళ్లిన క్లయింటు ఫోన్ ఎత్తకపోతే, మార్కెట్ కూలుతున్నా సరే, ఆయన మాట లేకుండా ఒక్క యూనిట్ కూడా అమ్మకూడదు. పరీక్షలో ఈ సన్నివేశం రకరకాల వేషాల్లో వస్తుంది, దయగల ప్రతినిధి పాత్రతో సహా.

చీటీల సంగతి సరేసరి. పది కుటుంబాలు కలిసి చీటీ కట్టుకోవడం విదేశాలకు వెళ్లినా మానని అలవాటు. ఆ పదిమందిలో నలుగురు మీ క్లయింట్లై, చీటీ నడిపేది మీరైతే, అది క్లయింట్లతో వ్యక్తిగత ఆర్థిక లావాదేవీ. క్లయింటు దగ్గర చేబదులు తీసుకోవడమూ నిషేధమే. ఉద్యోగం బయట ఇంకే వ్యాపకం ఉన్నా డీలర్‌కు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. పుస్తకంలో ఇదంతా పొడిపొడిగా రాసి ఉంటుంది. పొట్లక్ భోజనాల్లో పరిచయమైనవాళ్లే క్లయింట్లయ్యే చోట ఆ పొడి వాక్యాల విలువ తెలుస్తుంది.

నాలుగు ఖాతాలు, మూడు రకాల రాబడి

ఒకే ఫండ్‌ను ఏ ఖాతాలో పెట్టామన్నదాన్ని బట్టి చేతికొచ్చేది మారుతుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ రిటైర్మెంట్ ఖాతా. గత ఏడాది సంపాదనలో 18 శాతం వరకు, ఏటా ప్రకటించే గరిష్ఠ పరిమితికి లోబడి వేయొచ్చు. వేసినంత మేర ఆదాయం తగ్గించి చూపొచ్చు, తీసినప్పుడు పన్ను కట్టాలి. 71 ఏళ్లు నిండిన సంవత్సరాంతానికి ఆ ఖాతా మూసి పెన్షన్ రూపంలోకి మార్చాలి. 2009లో వచ్చిన టీఎఫ్‌ఎస్‌ఏలో వేసినప్పుడు మినహాయింపు లేదు, తీసినప్పుడు పన్ను లేదు. పిల్లల చదువుకు ఆర్‌ఈఎస్‌పీ. ఏటా మొదటి 2,500 డాలర్ల మీద ప్రభుత్వం 20 శాతం, అంటే 500 డాలర్లు కలుపుతుంది, ఒక్కో బిడ్డకు జీవితకాలంలో 7,200 దాకా. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ మొదటి ఇంటి కోసం. ఏడాదికి 8,000, మొత్తం 40,000. వేసేటప్పుడు మినహాయింపూ ఉంది, ఇంటికి తీసేటప్పుడు పన్నూ లేదు. మన 34 ఏళ్ల అమ్మాయి ముందు తెరవాల్సిన ఖాతా ఇదే.

కొత్తగా వెళ్లినవాళ్లు పొరబడేది టీఎఫ్‌ఎస్‌ఏ దగ్గర. 2009 నుంచి ప్రతి ఏటి పరిమితీ కలిపితే 2025 నాటికి 1,02,000 డాలర్లు. ఆ అంకె ఎక్కడో చూసి అంతా తమకు వర్తిస్తుందనుకుంటారు. కెనడా నివాసి అయిన ఏడాది నుంచే లెక్క. 2023లో వెళ్లినవారికి 6,500, ఆపై రెండేళ్లకు ఏడేసి వేలు, 2025 చివరికి వెరసి 20,500. దాటి వేస్తే, దాటిన మొత్తం మీద నెలకు ఒక శాతం పన్ను. ఆర్‌ఆర్‌ఎస్‌పీలోనైనా 2,000 డాలర్ల వెసులుబాటుంది, ఇక్కడ అదీ లేదు.

ఖాతాల బయట పెట్టిన ఫండ్‌కు వేరే లెక్క. వెయ్యి డాలర్లు వడ్డీగా వస్తే మొత్తం ఆదాయమే. ఫెడరల్ పన్ను 20.5 శాతం శ్లాబులో ఉన్నవారికి 205 డాలర్లు పోతుంది. అదే వెయ్యి మూలధన లాభమైతే సగానికే పన్ను, 102.50. కెనడా కంపెనీల నుంచి వచ్చిన అర్హమైన డివిడెండ్ అయితే కాస్త విచిత్రంగా ఉంటుంది. ముందు 38 శాతం పెంచి 1,380గా రాసుకోవాలి. దాని మీద పన్ను 282.90. అందులోంచి 1,380లో 15.0198 శాతం, అంటే 207.27 క్రెడిట్ తీసేస్తే మిగిలేది 75.63. లేని ఆదాయాన్ని ముందు కలిపి తర్వాత తగ్గించడమేమిటని మొదటిసారి చదివినవాళ్లు తల పట్టుకుంటారు. కంపెనీ అప్పటికే కట్టిన పన్నును వాటాదారుడి పేర లెక్కగట్టే పద్ధతి అది. ఇవన్నీ ఫెడరల్ అంకెలే, రాష్ట్ర పన్ను అదనం. ఫండ్ తన చేతికొచ్చిన రాబడిని ఏ రూపంలో వచ్చిందో అదే రూపంలో మదుపరికి దాటిస్తుంది కాబట్టి, పన్ను ఖాతాలు నిండిపోయి బయట పెట్టుబడి పెట్టేవారికి ఏ ఫండ్ సూచించాలన్నది ఈ మూడు అంకెల మీద ఆధారపడుతుంది. లెక్క మన పిల్లలు చిటికెలో చేస్తారు. ఎవరికి చేయాలన్నదే ప్రశ్న.

సీనియర్ నోట్సుతో జాగ్రత్త

వాట్సాప్‌లో చేతులు మారే నోట్సు మన జాతీయ సంపద. ఈ పరీక్షకు మాత్రం నాలుగేళ్ల నాటి నోట్సు చదివితే కొంప మునుగుతుంది. ఫండ్ త్వరగా అమ్ముకుంటే మదుపరి నుంచి కోసుకునే డెఫర్డ్ సేల్స్ చార్జి 2022 జూన్ 1 నుంచి నిషేధం. ఫండ్ డీలర్లను చూసే ఎంఎఫ్‌డీఏ, బ్రోకరేజీలను చూసే ఐఐఆర్‌ఓసీ 2023 జనవరి 1న ఒక్కటయ్యాయి, ఆ సంస్థ పేరు ఇప్పుడు సైరో. ఇల్లు కొనడానికి ఆర్‌ఆర్‌ఎస్‌పీ నుంచి తీసుకోగల మొత్తం 2024 ఏప్రిల్‌లో 35,000 నుంచి 60,000కు పెరిగింది. అదే ఏడాది మే 27 నుంచి షేర్ల సెటిల్‌మెంట్ రెండు రోజుల నుంచి ఒక్క రోజుకు దిగింది. ఇంకో చిక్కుంది. పరీక్ష రాసేనాటికి చట్టం మారినా, ప్రశ్న మీ పుస్తకం ఎడిషన్‌ను బట్టే ఉంటుంది. పేపర్లో చదివిన కొత్త సంగతి పక్కనపెట్టి, మీ చేతిలోని తాజా పుస్తకంలో ఉన్నదే రాయాలి.

సెబీకి అలవాటుపడ్డవారికి కెనడా ఏర్పాటు గందరగోళంగా ఉంటుంది. దేశమంతటికీ ఒకే నియంత్రణ సంస్థ లేదు. పది రాష్ట్రాలు, మూడు టెరిటరీలు, ఎవరి నియంత్రణ సంస్థ వారిది. ఒకే చట్టం తెద్దామని ఫెడరల్ ప్రభుత్వం ప్రయత్నిస్తే 2011లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల అధికారమంది. తర్వాత సహకార పద్ధతిలో మొదలైన ప్రాజెక్టు 2021లో ఆగిపోయింది. ఉమ్మడి నిబంధనలను అంకెలతో పిలుస్తారు. లైసెన్సు అర్హతలకు 31-103, ఫండ్ల నిర్వహణకు 81-102. ఈ అంకెలు కంఠతా పట్టనవసరం లేదు గానీ, ఏది దేనికో తెలిసుంటే మేలు.

ఫండ్ ఫ్యాక్ట్స్ అనే చిన్న పత్రాన్ని మాత్రం ఒకటి తీసుకుని ఎదురుగా పెట్టుకుని చదవడం ఉత్తమం. 2016 మే 30 నుంచి కొనుగోలుకు ముందే దాన్ని చేతికివ్వాలి. ఖర్చులు, ఏడాదివారీ రాబడి, అత్యంత చెడ్డ మూడు నెలలు, రిస్కు గడులు అన్నీ అందులోనే. మన రిస్కోమీటర్‌లో ఆరు మెట్లుంటే అక్కడ ఐదు. గత పదేళ్ల ప్రామాణిక విచలనం ఆరు శాతంలోపు ఉంటే తక్కువ రిస్కు, 20 దాటితే ఎక్కువ. పదిహేను పేజీల థియరీ కంటే ఈ పత్రం నాలుగు వేరువేరు ఫండ్లకు చూస్తే ఎక్కువ వంటబడుతుంది.

పాసయ్యాక

60 దాటితే సర్టిఫికెట్ వస్తుంది, లైసెన్సు రాదు. ఉద్యోగమిచ్చిన డీలర్ మీ పేరు జాతీయ రిజిస్ట్రేషన్ డేటాబేస్‌లో పెట్టి, మీ పాత ఉద్యోగాలు, దివాలా, కేసుల వివరాలన్నీ సమర్పించి, రిజిస్ట్రేషన్‌కు ఆమోదం వచ్చాకే మీరు ఫండ్ అమ్మగలరు. డీలర్ లేకపోతే సర్టిఫికెట్ గోడకే. పాసైన 36 నెలల్లో రిజిస్టర్ కాకుండా, తగిన అనుభవమూ చూపించలేకపోతే మళ్లీ రాయాలి. చేరాక 90 రోజుల్లో డీలర్ ఇచ్చే శిక్షణ పూర్తి చేయాలి, మొదటి ఆరు నెలలు ప్రత్యేక పర్యవేక్షణలో పనిచేయాలి. ఇంతా చేసి విడి షేర్లు అమ్మే అధికారం రాదు. బీమా కంపెనీల సెగ్రిగేటెడ్ ఫండ్లకు ఎల్‌ఎల్‌క్యూపీ అనే వేరే పరీక్ష ఉంది.

ఈ రెండో పరీక్ష పేరుతోనే కొత్తగా వచ్చినవాళ్ల చుట్టూ తిరిగే బృందాలున్నాయి. గుళ్లో పలకరిస్తారు, "మీది ఎక్కడండీ, గుంటూరా?" అంటూ కాఫీకి పిలుస్తారు, పార్ట్‌టైమ్ ఆదాయమంటారు. లైసెన్సు తెచ్చుకున్నాక మొదటి క్లయింట్లు మీ అన్న, మీ బావమరిది, మీ స్నేహితురాలు. జీతముండదు, కమీషనే. మీ కింద ఎందరిని చేర్చారన్నదాన్ని బట్టి పై ఆదాయం. చట్టవిరుద్ధమని అనలేం. కానీ చుట్టాల జాబితా అయిపోయిన రోజున ఆ వ్యాపారం ఏమవుతుందో చేరేముందే అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు శాఖల్లో జీతముంటుంది, దాంతోపాటు టార్గెట్లూ ఉంటాయి. క్లయింటు ప్రయోజనమే ముందని 2021 డిసెంబర్ 31 నుంచి నిబంధన గట్టిగా చెబుతోంది. అయినా ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్, సైరో కలిసి బ్యాంకుల ఫండ్ ప్రతినిధులను సర్వే చేసి 2025లో బయటపెట్టిన నివేదికలో, క్లయింట్ల ప్రయోజనానికి సరిపడని ఉత్పత్తులను కనీసం అప్పుడప్పుడైనా సూచిస్తున్నారని చెప్పినవాళ్లు 25 శాతం. పరీక్ష రాసి పాసైనవాళ్లే వీళ్లంతా. పుస్తకంలో సరైన గడి గుర్తుపెట్టడం, నెలాఖరున మేనేజర్ ముందు అదే గడికి కట్టుబడటం వేరువేరు పనులు. రెండోదానికి కోచింగ్ లేదు.

అందుకే ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు జీతంతోపాటు ఇంకొన్ని అడగాలి. ఈ శాఖలో సొంత బ్యాంకు ఫండ్లే అమ్ముతారా, బయటి ఫండ్లు కూడానా? వారం వారం అమ్మకాల పట్టిక గోడ మీద పెడతారా? జీఐసీలో పెట్టమని నేను చెప్పిన క్లయింటు నా స్కోరులో లెక్కకొస్తారా, రారా? జీఐసీ అంటే మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే. మూడో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే మేనేజర్లు ఉన్నారు. నీళ్లు నమిలేవాళ్లూ ఉన్నారు.